రిమోట్ సాఫ్ట్‌వేర్ సంగతి

అన్నలు, కస్టమర్ల కంప్యూటర్లను దూరంకెల్లి చూసి బాగుచేసేటందుకు ఏ రిమోట్ సాఫ్ట్‌వేర్ వాడాల్నని నిన్న అడిగిండ్రు కదా, నా లెక్కల చెప్తున్న. ఎనీడెస్క్ లాంటి రిమోట్ సాఫ్ట్‌వేర్ల ఫ్రీ వెర్షన్‌తోని దుకాణం నడుపుడు బంద్ చేయుండ్రి, అది సొంతానికే, మొన్న ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి సేటు ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) నేను రిమోట్‌ల చూస్తాంటే కమర్షియల్ యూజ్ అని నడిమిట్ల కట్ అయింది, ఇజ్జత్ పోయింది. నేనైతే రస్ట్‌డెస్క్ పెట్టిన, ఓపెన్ సోర్స్, సర్వర్ మనదే పెట్టుకోవచ్చు, చిన్న వీపీఎస్ (నెట్‌ల కిరాయికి దొరికే సర్వర్) చాలు, దాంట్ల 21115 నుంచి 21117 దాక టీసీపీ పోర్టులు (నెట్ డేటా వచ్చిపోయే దార్లు), 21116 యూడీపీ గూడ తెరవాలె (యూడీపీ మర్చిపోయి నేను రాత్రంత కూసున్న). అన్‌అటెండెడ్ పాస్‌వర్డ్ (అవతల ఎవలు లేకున్న కనెక్ట్ అయ్యేది) మెషిన్‌కొకటి పెట్టుండ్రి. రౌటర్ల ఆర్‌డీపీ (విండోస్ సొంత రిమోట్ డెస్క్‌టాప్) 3389 పోర్టు మాత్రం తెరిచిపెట్టకుండ్రి, ఫైళ్లు లాక్ చేసి పైసలడిగే రాన్సమ్‌వేర్ గాళ్లు దానికోసమే తిరుగుతరు, పైంగ విండోస్ హోమ్ ఉన్న సిస్టంల అది నడువనే నడువది. ఇంకోటి, 2019ల ఎనీడెస్క్ తోని యూపీఐ మోసాలు అయితున్నయని ఆర్‌బీఐ బ్యాంకులను హెచ్చరించింది, గందుకే నర్సంపేట దిక్కు కస్టమర్లు మనం కనెక్ట్ అయ్యేటందుకు ఐడీ నంబర్ అడిగితేనే భయపడ్తాండ్రు, ముందుగాల ఫోన్ చేసి మనమెవలమో చెప్పి గప్పుడు అడుగుండ్రి. మెష్‌సెంట్రల్ అనే ఇంకో రిమోట్ సాఫ్ట్‌వేర్ వాడినోళ్లు ఎవలన్న ఉన్నరా, ఇరవై ముప్పై మెషిన్లు ఒక్కకాడ చూడాల్నంటే అదే బాగుంటదేమో అనిపిస్తాంది.