పాలపోటీయా, ప్రసంగాల పోటీయా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో పశు ప్రదర్శన అట్టహాసంగా జరిగిందని వార్త వచ్చింది. ఫొటోలో శాలువాలు కప్పుకున్న పెద్దలంతా ఉన్నారు, ఒక్క గేదె లేదు. పోటీ నడిపిన తీరు కూడా అలాగే ఉంది.

పాలపోటీకి ఒక పద్ధతుంది. ముందురోజు సాయంత్రం అధికారి ఎదుటే పొదుగు పూర్తిగా ఖాళీ చేయించాలి. ఆ పాలు లెక్కలోకి రావు. అక్కణ్ణుంచి 12 గంటలకొకసారి, రెండు పూటలు పితికి తూచాలి. ఖాళీ పితుకుడు ఎగ్గొడితే ముందు పూట పాలు పొదుగులోనే ఉంచుకుని వచ్చినవాడిదే పైచేయి. ఈసారి జరిగిందదే. కొన్ని గేదెలకు కట్టుకొయ్య దగ్గరే చన్నుల నుంచి పాలు కారిపోతున్నాయి. అలా బిగబట్టిన పొదుగుకు వాపు తగిలితే బహుమతి సొమ్ము మందులకే చాలదు.

పైగా లీటరు కొలతలు! అప్పుడే పితికిన పాల మీద నాలుగు వేళ్ల నురగ ఉంటుంది. అది తేరేదాకా ఆగినవాడు నష్టపోయాడు. కాటా మీద కిలోల్లో తూచి, ఖాళీ బకెట్ బరువు తీసేస్తే గొడవే లేదు. లీటర్లే కావాలంటే 1.03తో భాగించుకోవచ్చు, బడిపిల్లాడు చేసే లెక్క.

సాయంత్రం పితుకుడు ముఖ్య అతిథి కోసం ఆపారు. అదీ దూడల్ని విప్పాక! చేపు, అంటే దూడ మూతి పెట్టగానే చన్నుల్లోకి పాలు దిగడం, నిలిచేది కొద్ది నిమిషాలే. "ఆగండాగండి, కారు వచ్చేస్తోంది" అని మైకులో అరిస్తే బెదిరిన గేదె ఎగచేపక ఏం చేస్తుంది? చాటుగా పాలు దింపే ఆక్సిటోసిన్ మందు సూదులు బయటికొచ్చేది ఇలాంటప్పుడే. అడిగిన నాథుడు లేడు.

వేదికకు కూలర్లు, గేదెలకు ఎండ. నల్లతోలు, చెమట తక్కువ పట్టే జీవి, రొప్పుతూ మేత మానేస్తుంది. పాలిచ్చే గేదె రోజుకు 60, 70 లీటర్ల నీళ్లు తాగుతుంది. పెట్టింది ఒకే తొట్టి, అన్నీ అందులోనే మూతి పెట్టాలి. గాలికుంటు వ్యాధి ఒక్కదానికుంటే చాలు, ఊళ్లకు ఊళ్లు పాకుతుంది. గేటు దగ్గర టీకా కార్డు చూడలేదు. టీకా ముందురోజు పొడిపించుకొస్తే సరిపోదు, రెండు మూడు వారాలైనా గడవాలి.

బండలాగుడు సంగతి సరేసరి. నోరు తెరిచి వయసు చెప్పే పళ్లు లెక్కపెట్టకుండా యజమాని మాట మీద రెండు పళ్ల విభాగంలో నాలుగు పళ్ల గిత్తల్ని దింపారు. 1960ల్లో ఒంగోలు జాతి కరవది కోడెను బ్రెజిల్‌వాళ్లు తీసుకెళ్లి మందలకు మందలే తయారు చేసుకున్నారు. ఆ జాతి పుట్టిన గడ్డ మీద పళ్లు చూసే ఓపిక కూడా లేకపోయింది. పశువైద్యులేమో అతిథులకు పూలగుత్తులు అందించే పనిలో ఉన్నారు.

వచ్చే ఏడు కరపత్రంలో నాయకుల ఫొటోలు కొన్ని తగ్గించి ఖాళీ పితుకుడు వేళ, తూకం పద్ధతి, టీకా గడువు అచ్చు వేయించండి. ప్రసంగాలు పితుకుళ్లయ్యాక ఎంతసేపైనా పెట్టుకోండి.

ఇట్లు,
ఒక పాడి రైతు