తేదీ చెప్పండి, ఇద్దరికీ చెప్పండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తాగా పనిచేస్తున్నాను. పొద్దున్నే మీ పేపరు చూడనిదే యార్డుకి వెళ్ళను గానీ, పేపరుకి ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. రాత్రి పదకొండు దాటింది. మా ఆవిడ లోపల పడుకుంది, నిద్ర పట్టిందో లేదో తెలియదు. ఆమెకి ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది, సూదితో ముక్క తీసి పరీక్షకి పంపారు, ఇవాళ్టికి తొమ్మిది రోజులైంది. ఆమెని అడిగే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం వద్దంది.

అక్టోబరు వస్తే పేపర్లన్నీ రొమ్ము క్యాన్సర్ గురించి రాస్తాయి. గడ్డ తగిలితే ఆలస్యం చేయొద్దు, మామోగ్రామ్ (రొమ్ముకి తీసే ఎక్స్‌రే) చేయించుకోండి, ముందే పట్టుకుంటే నయమవుతుంది అని. మంచిదే, మా ఆవిడ కూడా అలాంటిది చదివే నాకు చెప్పింది. కానీ గడ్డ కనిపించిన రోజుకీ, అదేమిటో తేలే రోజుకీ మధ్య ఇంట్లో ఎలా బతకాలో నేనెక్కడా చదవలేదు. మన దేశంలో ఆడవాళ్ళకి వచ్చే క్యాన్సర్లలో దీనిదే మొదటి స్థానం, 2022 ఒక్క ఏడాదిలోనే 1.9 లక్షల పైచిలుకు కొత్త కేసులని అంచనా వేశారు. ఆ ఇళ్ళన్నీ ఈ రోజులు దాటినవే. ముక్క తీశాక ఏమీ లేదని తేలిన ఇళ్ళు ఇంకెన్నో, వాళ్ళూ ఈ రోజులు దాటినవాళ్ళే కదా.

మొదటి రోజు సంగతి చెబుతాను. కొత్తపేటలో ఒక ఆసుపత్రిలో మామోగ్రామ్, స్కానింగ్ రెండూ అయ్యాయి, కవర్లో రిపోర్టు పెట్టి చేతికిచ్చారు. చివర్న 'బైరాడ్స్ 4బీ' అని ఉంది. హైదరాబాదులో ఉన్న మా అమ్మాయికి ఫోటో తీసి పంపాను. తిరిగి ఫోన్ చేసింది గానీ మాట రాలేదు, ఏడుస్తోంది. 4 అంటే నాలుగో స్టేజ్ అనుకుంది పిల్ల. నేనూ అలాగే అనుకున్నాను, అక్కడ అమ్మాయి, ఇక్కడ నేను, ఆ రాత్రంతా అలాగే అనుకుంటూ కూర్చున్నాం. తర్వాత తెలిసింది, ఈ అంకెకీ స్టేజ్‌కీ సంబంధమే లేదట. బైరాడ్స్ అనేది ఫిల్ము చూసిన డాక్టరుకి అనుమానం ఎంతుందో చెప్పే అంకె, 0 నుంచి 6 దాకా ఉంటుంది. 4 అంటే ముక్క తీసి చూడాలి అని. నూటికి రెండు పాళ్ళు దాటిన అనుమానం ఉన్నా 4 లోకే వస్తుంది, తొంభై అయిదుకి కాస్త తక్కువున్నా 4 లోకే వస్తుంది, అందుకే దాన్ని మళ్ళీ ఏ, బీ, సీ అని విడగొట్టారు. మా ఆవిడ 4బీ అంటే పది నుంచి యాభై మధ్య. స్టేజ్ అనేది అసలు క్యాన్సర్ అని తేలాక వచ్చే మాట. ఈ నాలుగు ముక్కలు ఆ కవరు ఇచ్చేటప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే మాకు ఆ రాత్రి తప్పేది.

డాక్టరు గారు మంచాయనే, చెయ్యి కూడా మంచిదంటారు. కానీ రిపోర్టు చూడగానే మా ఆవిడని బయట కూర్చోమని, "మీరొక్కసారి ఇలా రండి" అని నన్ను పిలిచారు. అనుమానంగా ఉంది, బయాప్సీ, అంటే ముక్క తీసి పరీక్ష, చేయాలి, ఆమెకి ఇప్పుడే చెప్పకండి, భయపడతారు అన్నారు. నేను తలూపాను. తలుపుకి కర్టెన్ సగమే ఉంది, దాని కింద నుంచి మా ఆవిడ చెప్పులు కనబడుతూనే ఉన్నాయి, తలుపు వైపే తిరిగి ఉన్నాయి. బయటికొచ్చి "ఏం లేదు, చిన్న టెస్టు" అన్నాను. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమెకి నేను చెప్పిన పెద్ద అబద్ధం అదే.

రెండు రోజులు దాచాను. మూడో రోజు ఆమే అడిగేసింది. "సీజన్‌లో మీరు ఎనిమిదికి ముందు ఎప్పుడైనా ఇంటికొచ్చారా? మొన్న నాలుగింటికే వచ్చారు, నిన్నా నాలుగింటికే వచ్చారు. డాక్టరేమన్నాడో చెప్పండి" అంది. చెప్పాను. అరవలేదు, ఏడవలేదు. "గడ్డ నాదండీ. నా సంగతి నాకు చెప్పకుండా మీకు చెప్పడం ఏమిటి, మీరు దాన్ని దాచిపెట్టుకోవడం ఏమిటి? ఈ రెండు రోజులూ నేనొక్కదాన్నే భయపడ్డాను" అంది. ఆ చివరి మాట నన్నింకా వదల్లేదు. నేనేమో ఆమెకి భయం లేకుండా చేస్తున్నాననుకున్నాను. ఆమె ఒంటరిగా, నేను ఒంటరిగా, ఒకే ఇంట్లో భయపడుతున్నామన్నమాట.

బయాప్సీ రోజు నన్ను లోపలికి రానివ్వలేదు. మత్తు సూది వేశాక పెద్దగా నొప్పి లేదట గానీ, ముక్క తీసే ప్రతిసారీ స్టేప్లర్ కొట్టినట్టు టక్కున శబ్దం వస్తుందనీ, అది వస్తుందని ముందు ఎవరూ చెప్పలేదనీ, మొదటిసారి గుండె ఆగినంత పనైందనీ అంది. తర్వాత ఒక చిన్న సీసా నా చేతికిచ్చి ల్యాబ్‌లో ఇచ్చి రమ్మన్నారు. నీళ్ళలాంటి మందులో నాలుగు సన్నటి ముక్కలు, తెల్లటి దారప్పోగుల్లా ఉన్నాయి. ఆటోలు, మందుల షాపులు, జ్యూస్ బండి, ఆ జనం మధ్యలో నుంచి దాన్ని రెండు చేతులతో పట్టుకుని నడిచాను. కౌంటర్లో ఇచ్చి, ఎప్పుడొస్తుందని అడిగితే, "వచ్చాక ఫోన్ చేస్తాంలెండి" అన్నారు. అంతే.

ఆ "వచ్చాక" అన్న మాటతోనే నరకం మొదలైంది. ఫోన్ మోగితే ఇద్దరం ఉలిక్కిపడేవాళ్ళం, చూస్తే ఏ లోన్ వాళ్ళో. నాలుగో రోజుకి మా ఆవిడ "ఇంత ఆలస్యమైందంటే చెడ్డదే అయ్యుంటుంది" అని తేల్చేసింది. ఉండబట్టలేక నేను ల్యాబ్‌కి వెళ్ళాను. అక్కడ పనిచేసే కుర్రాడు మెట్ల మీద టీ తాగుతున్నాడు, కూర్చోబెట్టి చెప్పాడు. "బాబాయ్, ముక్క ముందు ఆ మందులో నానాలి, తర్వాత అందులో నీరంతా లాగేసి మైనంలో పెట్టి దిమ్మ చేస్తాం, దాన్ని వెంట్రుక కంటే పల్చగా కోసి, గాజు పలక మీద పెట్టి రంగు వేస్తాం, అప్పుడు మేడం మైక్రోస్కోపులో చూస్తారు. తేల్చి చెప్పలేకపోతే ఇంకో రకం రంగులు వేసి చూస్తారు, దానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. మంచిదని ఖాయం చేసుకోడానికి కూడా అది చేస్తారు. లేటయిందంటే చెడ్డదని కాదు. మీది అక్కడే ఉంది, వచ్చే వారం శుక్రవారం సాయంత్రానికి ఇచ్చేస్తాం" అన్నాడు. అయిదు నిమిషాలు పట్టిందేమో. ఇంటికెళ్ళి అదంతా పూసగుచ్చినట్టు మా ఆవిడకి చెప్పాను. ఆ రాత్రి ఆమె నిద్రపోయింది.

మా యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపుకున్న రైతు తేమ చూడాలంటే ఆగుతాడు, వేలం పాట ఎన్నింటికో తెలుసు కాబట్టి ఆగుతాడు. నేనడిగేది కూడా అంతే. మా పెద్దాసుపత్రిలో నాట్కో మందుల కంపెనీ వాళ్ళు కట్టించిన క్యాన్సర్ విభాగం ఉంది, కొత్తపేట నిండా ప్రైవేటు ఆసుపత్రులున్నాయి, అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ముక్క తీసిన రోజే ఒక చీటీ మీద ఫలానా రోజుకి రావచ్చు, ఆ రోజుకి రాకపోతే ఫలానా నంబరుకి చేయండి అని రాసివ్వండి. ఆ నంబరు దగ్గర మనిషి ఉండాలి. అసలు సంగతి మాత్రం ఎవరి ఒంట్లో ఉందో ఆ మనిషికి చెప్పండి, పక్కన భర్తనో కూతుర్నో కూర్చోబెట్టి చెప్పండి. ఆడవాళ్ళు తట్టుకోలేరనేది మన భ్రమ. మా ఇంట్లో తట్టుకోలేకపోయింది నేను.

నాలాంటి మగవాళ్ళకి కూడా ఒక మాట. "ఏం కాదులే" అనకండి. అన్నప్పుడల్లా మా ఆవిడకి కోపం వచ్చింది, మీకెలా తెలుసంది. ఒకరోజు "నాకూ భయంగానే ఉంది" అన్నాను, అప్పుడు నా పక్కన వచ్చి కూర్చుంది. చుట్టాల ఫోన్లు మా మరదలికి అప్పజెప్పాను. ఒకరు మంగళగిరి పానకాల స్వామికి మొక్కుకోమంటారు, అది ఫరవాలేదు, కానీ ఇంకొకరు మా తోడికోడలికి ఇలాగే వచ్చి ఆర్నెల్లలో పోయింది అంటారు, అది ఆమె చెవిన పడకూడదు. స్థలం అమ్ముదామా అని మా బావమరిది, ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో వస్తుందిగా అని మా తమ్ముడు, ఇద్దరూ మా కోసమే ఆలోచిస్తున్నారు, కాదనను. కానీ అవి తేలాక మాట్లాడుకునే మాటలు.

మొన్న రాత్రి రెండింటికి మెలకువొచ్చి చూస్తే మంచం మీద లేదు. వెనక వసారాలో లైటు వేసుకుని, ఏడాది కారానికి తెచ్చిన మిరపకాయలు చాట నిండా పోసుకుని తొడిమలు తీస్తోంది. పడుకో అనబోయి ఆగిపోయాను. ఎదురుగా పీట వేసుకుని నేనూ మొదలుపెట్టాను. రోజూ లారీలకి లారీలు మిర్చి లెక్క రాస్తాను గానీ, ఇంట్లో తొడిమ తీయడం నాకు రాదు. కాయ విరగకుండా ఎలా తుంచాలో చూపించింది. అయిదు కావస్తుండగా పాలబ్బాయి వచ్చేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం, గడ్డ మాట ఒక్కసారి కూడా రాలేదు.

ఎల్లుండి శుక్రవారం. సీజన్ అయినా కొట్లో సెలవు చెప్పేశాను. ఇద్దరం కలిసే వెళ్తాం. ఈసారి కూడా డాక్టరు గారు నన్నొక్కణ్ణే రమ్మంటే, ఆమెకి కూడా కుర్చీ వేయించమని అడుగుతాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు