బల్బు వెలుగుతోందిగా అని చెప్పింది నేనే

ఈ నెల నుంచి మా షాపులో ఇగ్వానా (బల్లి జాతికి చెందిన పెద్ద పెంపుడు జీవి) స్టార్టర్ కిట్ అమ్మడం లేదు. అడిగిన వాళ్లకల్లా విడిగా చెప్పేకంటే ఇలా ఒకేసారి రాస్తే నయమనిపించింది.

కిట్‌లో ఇచ్చింది మూడు వస్తువులు: చిన్న గాజు తొట్టె, కరెంటుతో వేడెక్కే రాయి, యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ఇచ్చే బల్బు. జానెడు పిల్ల ఆ తొట్టెలో ముద్దుగానే ఉంటుంది. పెరిగితే తోకతో కలిపి అయిదారు అడుగులు. పైగా చెట్లెక్కే జీవి, దానికి మనిషెత్తు బోను కావాలి. వేడి రాయి ఇంకా దారుణం. పొట్ట కమిలిపోతున్నా చాలాసార్లు అది దానిమీదే పడుకుని ఉంటుంది. వేడి పైనుంచి రావాలి. ఎండ కాచుకునే కొమ్మ దగ్గర 35 డిగ్రీలు, అవతలి మూల చల్లగా.

అసలు సంగతి బల్బుది. కిట్ కొన్న ఒకాయన ఏడాది తర్వాత తన ఇగ్వానాని పట్టుకొచ్చాడు. దవడ ఉబ్బి మెత్తబడింది, కాలివేళ్లు సన్నగా వణుకుతున్నాయి. డాక్టరు ఎముకల జబ్బన్నారు. అంతకు నాలుగు నెలల ముందు ఆయన ఫోన్ చేసి బల్బు మార్చాలా అనడిగితే, "వెలుగుతోందిగా, ఉంచండి" అన్నాను.

వెలుగు వేరు, యూవీబీ వేరు. ఆర్నెల్లకో ఏడాదికో యూవీబీ పడిపోతుంది, వెలుగు మాత్రం అలాగే ఉంటుంది. యూవీబీ లేనిదే చర్మంలో విటమిన్ డి3 తయారవదు. డి3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటబట్టదు, అప్పుడు ఒళ్లు ఎముకల్లోంచే దాన్ని లాక్కుంటుంది. కిటికీ పక్కన ఎండలో పెడుతున్నాం కదా అంటారు కొందరు. మామూలు కిటికీ అద్దం యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది.

తిండి గురించి కూడా కిట్‌లో ఒక్క ముక్క రాయలేదు. అది శాకాహారి, గుడ్డు, మాంసం పెడితే కిడ్నీలు పాడవుతాయి. పాలకూర రోజూ వద్దు, కాల్షియాన్ని ఒంటికి అందకుండా పట్టేసుకుంటుంది. తుమ్మినప్పుడు ముక్కు దగ్గర తెల్లగా ఉప్పు కనిపిస్తే మాత్రం కంగారుపడకండి, అదనపు ఉప్పుని అది అలాగే బయటికి పంపుతుంది.

ఆయన ఇగ్వానా ఇప్పుడు మళ్లీ తింటోంది. దవడ మాత్రం పూర్తిగా సర్దుకోదట. వైద్యం ఖర్చు నేనే పెట్టుకున్నాను.

వేడి రాయి కొన్నవాళ్లు తెచ్చిస్తే డబ్బు వెనక్కిస్తాను, బిల్లు లేకపోయినా సరే. యూవీబీ కొలిచే మీటరు కొన్నాను, కౌంటర్ మీదే ఉంది. మీ బల్బు తెచ్చుకోండి, ఊరికే చూసి చెప్తాను. కొత్త బల్బుల పెట్టెల మీద అమ్మిన తేదీ మార్కర్‌తో రాసి ఇస్తున్నాను.