విషయం: మూడు నెలలుగా మీరు పట్టించుకోని స్కోప్ ఫిర్యాదు (ఇది ఏడో ఉత్తరం)

గౌరవనీయులైన కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

"గౌరవనీయులైన" అని అలవాటు కొద్దీ రాశాను. 31 ఏళ్లు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. పిల్లలతో లీవ్ లెటర్ రాయించినా ఈ మాటతోనే మొదలుపెట్టించేవాణ్ణి. చెయ్యి ఊరుకోదు.

ఇంతకుముందు ఆరు ఉత్తరాలు ఇంగ్లీషులో, ఈమెయిల్‌లో పంపాను. ఆరింటికీ ఒకే జవాబు, అదీ పంపిన నిమిషంలోపే వచ్చింది. నిమిషంలో నా ఉత్తరం చదివే మనిషి లేడని నాకు తెలుసు. మీ ఫోన్‌లో "తెలుగు కోసం 3 నొక్కండి" అని ఉంది కాబట్టి ఈసారి తెలుగులో రాస్తున్నాను. ఒకసారి 3 నొక్కినప్పుడు హిందీ ఆయన ఎత్తారు లెండి. అది వేరే కథ.

అసలు సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. జూన్‌లో మీ దగ్గర 4,850 రూపాయలు పెట్టి ఎయిర్ రైఫిల్ స్కోప్ (తుపాకీ మీద బిగించి గురి చూసే దుర్భిణి) కొన్నాను. పది గుళ్లు కొట్టేసరికి గురి పక్కకి జరుగుతోంది. సరిచేస్తే మళ్లీ జరుగుతోంది. అంతే. దీని మీద నాకు కోపం లేదు. వస్తువన్నాక పాడవుతుంది. మా ఆవిడ కొన్న మిక్సీ కూడా వారానికే పాడైంది, కొట్టువాడు మర్నాడే మార్చిచ్చాడు. నా కోపమంతా ఆ తర్వాత మీరు నడిపిన భాగవతం మీద.

మొదటిసారి ఎత్తిన అమ్మాయి పాపం మంచిదే. నేను ఏం చెప్పినా "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము సార్" అంది. లెక్కపెట్టాను, పదకొండుసార్లు. "అమ్మా, చింత చాలు, స్కోప్ సంగతి చూడు" అన్నాను. దానికి పన్నెండోసారి చింతించింది. చివరికి ఒక కంప్లయింట్ నంబరు ఇచ్చి, 48 గంటల్లో టెక్నికల్ టీమ్ నుంచి ఫోన్ వస్తుందంది. నేను పిచ్చివాణ్ణి, రెండు రోజులు స్నానానికి వెళ్లినా ఫోన్ గుమ్మం దగ్గర పెట్టుకున్నాను.

తొమ్మిదో రోజున నేనే చేశాను. ఈసారి ఒక అబ్బాయి. నంబరు చెప్పగానే "ఆ నంబరు మీద రికార్డు ఏమీ లేదు సార్, మొదటినుంచి చెప్పండి" అన్నాడు. చెప్పాను. ఓపిగ్గా అంతా విని, "సార్, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా?" అని అడిగాడు. బాబూ, అది టీవీ కాదు. అందులో బ్యాటరీ కూడా లేదు. అద్దాలు, ఒక గొట్టం, రెండు తిప్పుడు బొడిపెలు, మధ్యలో ఒక అడ్డగీత, ఒక నిలువుగీత. సూర్యుణ్ణి ఆఫ్ చేస్తే అది ఆఫ్ అవుతుంది.

ఆ తర్వాత "ఎక్స్‌పర్ట్" గారు లైన్లోకి వచ్చారు. ఆయన్ని మాత్రం నేను మర్చిపోలేను. గుండు రెండు సెంటీమీటర్లు కుడికి పడుతోందని చెప్తే, "బొడిపె తిప్పితే ఒక క్లిక్కుకి పావు అంగుళం జరుగుతుంది సార్, మూడు క్లిక్కులు ఎడమకి తిప్పండి" అన్నారు. ఎంత దూరంలో కొడుతున్నానో అడగలేదు. పావు అంగుళం అనేది 100 గజాల దగ్గర మాట! క్లిక్కు అంటే దూరం కాదు, కోణం. డిగ్రీని 60 నిమిషాలు చేస్తే అందులో ఒక నిమిషానికి పావు వంతు. నేను కొట్టేది 10 మీటర్లలో. అక్కడ ఒక్కో క్లిక్కుకి ముప్పావు మిల్లీమీటరు కూడా జరగదు. రెండు సెంటీమీటర్లు జరగాలంటే దాదాపు 27 క్లిక్కులు కావాలి. ఇది తొమ్మిదో తరగతి పిల్లాడికి బోర్డు మీద వృత్తం గీసి చూపిస్తే అర్థమవుతుంది. మీ ఎక్స్‌పర్ట్ గారికి అర్థం కాలేదు. "సిస్టమ్‌లో అలాగే ఉంది సార్" అన్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. "మీరు 10 మీటర్లలో జీరో చేశారు కదా, అంటే గురి కుదిర్చారు కదా, మా దాంతో 50 మీటర్ల దాకా గుండు నేరుగానే పోతుంది, ఆ తర్వాతే కిందికి వంగుతుంది" అని కూడా సెలవిచ్చారు. అయ్యా, తుపాకీ గొట్టం దాటిన క్షణం నుంచే గుండు పడటం మొదలవుతుంది. భూమి 50 మీటర్ల దాకా సెలవు పెట్టదు. నా రైఫిల్‌లో గుండు వేగం సెకనుకు సుమారు 200 మీటర్లు. 10 మీటర్లు వెళ్లేలోపే సెంటీమీటరు పైగా పడుతుంది, 25 మీటర్లకి తొమ్మిది సెంటీమీటర్ల దాకా పడుతుంది. పైగా స్కోప్ ఉండేది గొట్టానికి నాలుగు సెంటీమీటర్ల పైన. అందుకే గొట్టం మూతి కొద్దిగా పైకి ఎత్తినట్టు ఉండేలా స్కోప్‌ని సరిచేస్తాం. గుండు చూపు గీతకి కింద బయల్దేరి, ఒకసారి గీతని దాటి పైకి వెళ్లి, మళ్లీ దాటి కిందికి వస్తుంది. నా రైఫిల్‌కి ఆ రెండు దాటుళ్లూ 10 మీటర్ల దగ్గర ఒకటి, 25 మీటర్ల దగ్గర ఒకటి. మధ్యలో గీతకి సుమారు సెంటీమీటరు పైన. 40 మీటర్లకి వెళ్తే నాలుగైదు వేళ్లు కిందికి. చిన్నప్పుడు మామిడికాయకి రాయి విసిరిన ప్రతి పిల్లాడూ కాయ కన్నా పైకే విసురుతాడు. వాడికి ఎవరు చెప్పారు? నేను ఇదంతా చెప్తుంటే అటువైపు నుంచి కీబోర్డు చప్పుడు వినపడింది. రాసుకుంటున్నారేమో అని సంతోషించాను. తర్వాత మెసేజ్ వచ్చింది: "కస్టమర్‌కి వాడకం తెలియదు. వివరించడమైనది."

వాడకం తెలియదట. నాకు!

నాలుగోసారి ఎత్తినాయన వాడకం గురించే మొదలుపెట్టాడు. "కోతుల కోసమా సార్?" అన్నాడు. కాదయ్యా, ఖాళీ డబ్బాల కోసం. నూజివీడు దగ్గర మా మామిడి తోటలో, మట్టిగట్టు ముందు ఇసుక బస్తాలు పేర్చి, వాటి ముందు డబ్బాలు పెట్టి కొడతాను. రిటైరయ్యాక ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి. కోతుల్ని కొట్టే ఉద్దేశం నాకు లేదు, వాటికన్నా ఎక్కువ విసిగించేవాళ్లు నాకు ఫోన్‌లోనే దొరుకుతున్నారు.

ఐదో ఆయన కొత్త వాదన తెచ్చాడు. "ఈ స్కోప్ పెద్ద పెద్ద రైఫిళ్ల దెబ్బకి తట్టుకుంటుంది సార్, మీ ఎయిర్ గన్ దెబ్బెంత?" అని నవ్వాడు. ఈ నవ్వుకి సమాధానం చెప్పాల్సిందే. మందుగుండు రైఫిల్ వెనక్కి ఒక్కటే తన్నుతుంది. నాది లాంటి స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ రెండు తన్నులు తన్నుతుంది. స్ప్రింగ్ విడుదలై పిస్టన్ ముందుకి దూకినప్పుడు తుపాకీ వెనక్కి వస్తుంది. పిస్టన్ చివర గాలి మెత్త మీద ఆగినప్పుడు తుపాకీ ముందుకి కుదుపు తింటుంది. వెనక్కి మాత్రమే తన్నుతుందని కట్టిన స్కోప్‌లో ఈ ముందు కుదుపుకి లోపలి అద్దాలు వదులైపోతాయి. పెద్ద రైఫిల్ మీద ఏళ్ల తరబడి నిలిచిన స్కోపులు స్ప్రింగ్ ఎయిర్ గన్ మీద చచ్చిపోవడం ఈ ఆట ఆడే అందరికీ తెలుసు. మీ పెట్టె మీద "ఎయిర్ రైఫిళ్లకు ప్రత్యేకం" అని మీరే అచ్చు వేశారు. తీరా వారంటీ కాగితం వెనక చీమ తలకాయంత అక్షరాల్లో "స్ప్రింగ్ రైఫిళ్లకు వర్తించదు" అని కూడా మీరే అచ్చు వేశారు. ఈ రెండూ రాసినవాళ్లు ఒకే ఆఫీసులో కూర్చుంటారా? మధ్యాహ్నం కలిసి భోజనం చేస్తారా?

"మౌంట్ జారి ఉంటుంది" అన్నారు ఆరోసారి. మౌంట్ అంటే స్కోప్‌ని తుపాకీకి బిగించే పట్టీ. కుదుపులకి స్కోప్ పట్టీతో సహా వెనక్కి జారడం ఉన్నదే, కాదనను. అందుకే నేను వెనక ఆపుడు పిన్ను ఉన్న ఒకే ముక్క మౌంట్ వేసుకున్నాను. అయినా మీ తృప్తి కోసం మా కోడలి గోళ్ల రంగు తెచ్చి పట్టీ మీద, అది బిగిసే తుపాకీ గాడి మీద కలిపి గీత పెట్టాను. 60 గుళ్లు కొట్టాక కూడా గీత విరగలేదు. స్కోప్ తీసేసి తుపాకీకే ఉండే ఇనుప సైట్లతో గురి చూసి కొడితే ఐదు గుళ్లూ రూపాయి బిళ్లంతలో పడ్డాయి. 70 ఏళ్లకి దగ్గరపడ్డ నా కళ్లతో! అంటే తుపాకీ బాగుంది, గుళ్లు బాగున్నాయి, నేనూ ఫరవాలేదు. తర్వాత 40 క్లిక్కులు కుడికి, 40 పైకి, 40 ఎడమకి, 40 కిందికి తిప్పుతూ ఒక్కో మూలకి మూడేసి గుళ్లు కొట్టాను. మంచి స్కోప్ అయితే మూడు సెంటీమీటర్ల చతురస్రం వచ్చి, చివరి గుళ్లు మొదటి చిల్లులోకే రావాలి. నాకు మా ఊరి చెరువు ఆకారం వచ్చింది. ఆ కాగితం ఫోటో తీసి, కొలతలు రాసి, తేదీ వేసి పంపాను. "ఫోటో స్పష్టంగా లేదు" అని వచ్చింది. మళ్లీ పంపాను. "సైజు ఎక్కువైంది" అని వచ్చింది. తగ్గించి పంపాను. "ఫోటో స్పష్టంగా లేదు" అని వచ్చింది. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఏమిటో ఈ వయసులో నేర్చుకున్నాను.

కొరియర్ ముచ్చట కూడా వినండి. ఎట్టకేలకు వస్తువు వెనక్కి తీసుకోవడానికి కుర్రాడు వచ్చాడు. రశీదు మీద "రైఫిల్" అనే మాట చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు. "ఇందులో తుపాకీ ఉందా సార్?" అన్నాడు. లేదు నాయనా, ఇది దుర్భిణి లాంటిది అన్నాను. "ఆఫీసులో అడిగి వస్తా" అని వెళ్లాడు. ఇంకా వస్తూనే ఉన్నాడు. ఆ సాయంత్రమే మీ మెసేజ్: "కస్టమర్ ఇంట్లో లేరు. ఫిర్యాదు ముగించడమైనది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" కస్టమర్ ఇంట్లోనే ఉన్నాడు. గేటు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

నేను మీకు నిన్నటి కస్టమర్ని కాను. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో గగన్ నారంగ్‌కి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం వచ్చిన వారమే మొదటి రైఫిల్ కొన్నాను, మీ దగ్గరే. (ఆ పోటీలో స్కోప్ ఉండదు, చిన్న చిల్లులోంచి చూసే పీప్ సైటే. మీ ఎక్స్‌పర్ట్ గారికి చెప్పండి, పనికొస్తుంది.) అప్పుడు మీ కొట్టులో ఉన్న పెద్దాయన గంటసేపు కూర్చోబెట్టి, చెంప ఎక్కడ ఆనించాలో, ఊపిరి ఎప్పుడు ఆపాలో చెప్పి, టీ కూడా ఇప్పించారు. ఆ టీ రుణం కొద్దీ ఇన్నేళ్లూ గుళ్ల డబ్బాల నుంచి నూనె సీసా దాకా మీ దగ్గరే కొన్నాను, మా స్కూల్ టీచర్లు నలుగురిచేత కొనిపించాను. ఆన్‌లైన్‌లో 300 తక్కువకి దొరుకుతున్నా మీ దగ్గరికే వచ్చాను. ఆ నలుగురూ ఇప్పుడు "ఏమైంది మాస్టారూ మీ స్కోపు?" అని రోజూ అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయడం నాకు తెలుసు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదనీ తెలుసు, వెయ్యడానికి రెండేళ్లు గడువుందనీ తెలుసు. నాకు పెన్షన్ ఉంది, తీరిక ఉంది, పిల్లల ఆన్సర్ షీట్లు 31 ఏళ్లు దిద్దిన ఓపిక ఉంది. చెరువు ఆకారం కాగితం లామినేషన్ కూడా చేయించాను. 15 రోజులు చూస్తాను.

మార్చి ఇస్తారో, డబ్బు ఇస్తారో మీ ఇష్టం. డబ్బు ముఖ్యం కాదు. కాదు, డబ్బు కూడా ముఖ్యమే, పూర్తిగా ఇవ్వండి. కానీ ముందు, నేను రాసింది చదివిన మనిషి ఒకరు ఫోన్ చేసి "మాస్టారూ, చదివాను" అనాలి. "చింతిస్తున్నాము" అంటే పెట్టేస్తాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా చేయొద్దు, పడుకుంటాను.

స్కోప్ ఇంకా అట్టపెట్టెలోనే, గుమ్మం పక్కన బల్ల మీద ఉంది. కొరియర్ కుర్రాడికి చెప్పండి, అది పేలదు.

ఇట్లు,
మీ పాత కస్టమర్
(పేరు, చిరునామా మీ దగ్గర ఏడు కంప్లయింట్ నంబర్ల కింద ఉన్నాయి)