నూట పదహారు పౌండ్ల చదివింపులు

అందరికీ నమస్కారం. లండన్ మారథాన్ ఏప్రిల్ 27న అయింది, ఇవాళ్టికి పదకొండు రోజులు. కుడికాలి బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోవడానికి సిద్ధంగా ఉంది గానీ, మెట్లు మాత్రం మొన్నటినుంచి మనిషిలాగే దిగుతున్నాను. కాబట్టి ఈ నాలుగు ముక్కలు రాయకుండా తప్పించుకోడానికి ఇంక సాకేమీ లేదు.

ముందు లెక్క చెప్తాను, కబుర్లు తరవాత. నెలలు నిండకుండా, జబ్బుతో పుట్టిన పిల్లల కోసం పనిచేసే బ్లిస్ సంస్థకి పోగుచేసి ఇస్తానని నేను ఒప్పుకున్నది 2,500 పౌండ్లు. మీరంతా కలిసి ఇచ్చింది 4,386. దానికి గిఫ్ట్ ఎయిడ్ కింద చేరింది 812. వెరసి 5,198 పౌండ్లు. ఇక్కడ పన్ను కట్టేవాళ్ళు విరాళాల పేజీలోని ఆ చిన్న గడిలో టిక్కు పెడితే, ఇచ్చిన ప్రతి పౌండుకీ ప్రభుత్వం ఇంకో 25 పెన్నీలు కలుపుతుంది. టిక్కు మర్చిపోయినవాళ్ళకి రెండేసి సార్లు ఫోన్ చేసి విసిగించాను, ఏమీ అనుకోకండి. ఆ విసుగు ఖరీదే 812 పౌండ్లు. రిజిస్ట్రేషన్, బూట్లు, రైలు ఛార్జీలు నా జేబులోవి.

ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఒక మాట. ఈ పరుగులో చోటు దొరకడం తేలిక కాదు. 2025 లాటరీకి 8,40,000 పైచిలుకు మంది దరఖాస్తు పెట్టారు, నా పేరు రాలేదు. రెండో దారేమిటంటే, సేవాసంస్థలు నిర్వాహకుల దగ్గర కొన్ని చోట్లు కొనుక్కుని, ఇంత పోగుచేస్తాం అని మాటిచ్చినవాళ్ళకి ఇస్తాయి. నేను ఆ దారిన వెళ్ళాను. ఈ సంగతి నాన్నకి ఫోన్లో చెబితే, "నువ్వు పరిగెడితే ఆ పిల్లలకేం ఒరుగుతుందిరా? ఇచ్చేవాళ్ళు ఊరికే ఇవ్వరా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే, నా దగ్గర జవాబు లేదు. పక్కనుంచి అమ్మ అందుకుంది: "మొక్కండీ! అలిపిరి నుంచి నడిచి ఎక్కట్లా? బస్సులో వెళ్తే దేవుడు కనపడడా ఏంటి?" ఆ తరవాత నాన్న మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి, "నా పేరున వెయ్యి నూట పదహార్లు వెయ్యి" అన్నారు. పౌండ్లలోకి మారిస్తే పది కూడా కాలేదు. పది చేసి వేశాను. ఆయన ఇక్కడ పన్ను కట్టరు కాబట్టి దానికి టిక్కు పెట్టలేదు.

ఎందుకు మొక్కుకున్నానో మీలో సగంమందికి తెలుసు. మిగతా సగం అడక్కుండానే ఇచ్చారు, వాళ్ళకి చెప్పడం నా బాధ్యత. మా అమ్మాయి 2018 నవంబరులో, ఇరవై ఎనిమిదో వారంలో పుట్టింది. బరువు 1,090 గ్రాములు. అరవై మూడు రోజులు ఆసుపత్రిలోనే ఉంది. బారసాల లేదు, ఉయ్యాల లేదు, ఇరవై ఒకటో రోజున మేం చేసిందల్లా ఇంక్యుబేటరు కిటికీ దగ్గర నోరుపెట్టి పేరు చెప్పడం. మా అత్తయ్యగారికి వీసా వచ్చేసరికి పిల్ల ఇంటికి వచ్చేసింది.

తండ్రులకి ఇక్కడ సెలవు రెండు వారాలు. పదిహేనో రోజున నేను ఆఫీసులో కూర్చున్నాను. ఆఫీసు పేరెందుకు, రూలు అందరికీ అదే. పగలంతా స్క్రీనుమీద ఏం చూశానో గుర్తులేదు. ఏడింటికి వార్డుకి వెళ్ళి, మోచేతులదాకా సబ్బుతో కడుక్కుని, చొక్కా గుండీలు తీసి కుర్చీలో వెనక్కి వాలితే, నర్సు తీగెలన్నీ సర్ది పిల్లని నా ఛాతీమీద పెట్టేది. తల్లో తండ్రో ఇలా ఒంటికి ఒళ్ళు ఆనించి పడుకోబెట్టుకోవడం 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్లు మొదలుపెట్టిన పద్ధతి. ఇప్పుడు ఇంక్యుబేటర్లు ఉన్నచోట కూడా ఇదే చెబుతున్నారు. పిల్ల బరువు తెలిసేది కాదు, వెచ్చదనం మాత్రం తెలిసేది. మానిటరు కూసినప్పుడల్లా నేను ఊపిరి బిగబట్టేవాణ్ణి. పిల్లకి నిజానికి అవసరమైంది నేను మామూలుగా ఊపిరి తీసుకోవడమట.

ఆ రోజుల్లో వారానికొకసారి బ్లిస్ తరఫున ఒకావిడ వచ్చేది. ఆవిడా ఒకప్పుడు అలాంటి కుర్చీలో కూర్చున్న తల్లే. ధైర్యం చెప్పేది కాదు. టీ తాగావా, తిన్నావా, నిద్రపోయావా అని మా ఆవిణ్ణి అడిగేది. ఎవరో అల్లి ఇచ్చిన ఊలు టోపీ ఒకటి తెచ్చింది, పసుపురంగుది, బత్తాయికి తొడిగితే సరిపోతుంది. అది మా దగ్గర ఇంకా ఉంది.

ఈ సంస్థ 1979 నుంచీ ఈ పిల్లల కోసం పనిచేస్తోంది. నెలలు నిండకుండా పుట్టినా, పుట్టగానే జబ్బుచేసినా, బిడ్డ వారానికి మించి ఆసుపత్రిలో ఉంటే తల్లిదండ్రులిద్దరికీ పన్నెండు వారాలదాకా అదనపు సెలవు ఇవ్వాలని గట్టిగా పోరాడినవాళ్ళలో వీళ్ళున్నారు. ఆ చట్టం 2025 ఏప్రిల్ 6న అమల్లోకి వచ్చింది, అంటే నా పరుగుకి సరిగ్గా మూడు వారాల ముందు. మాకు ఆరేళ్ళు ఆలస్యం. ఫరవాలేదు, పదిహేనో రోజున ఇంకో తండ్రి ఆఫీసుకి వెళ్ళక్కర్లేదు.

ఇక అడగడం. పరుగుకంటే అదే కష్టమైంది. మనకి పెట్టడం తెలుసు, అడగడం నామోషీ. లింకు మొదటిసారి పెట్టడానికి మూడు రాత్రులు పట్టింది. అలవాటయ్యాక మాత్రం పగ్గాల్లేవు. నాలుగోసారి పెట్టాక ఒక గ్రూపులోంచి నన్ను తీసేశారు, వాళ్ళ తప్పేమీ లేదు.

అప్పుడు మొదలయ్యాయి మీ పదహార్లు. మొదట 116 పౌండ్లు, తరవాత 51.16, ఆ వెనకే 11.16 మూడుసార్లు. మా టీములో ఉన్న ఇంగ్లీషు కుర్రాడు పేజీ చూసి, ఈ పదహారేమన్నా రహస్య సంకేతమా అని అడిగాడు. సున్నాతో ముగిస్తే మనకి కీడని, పెళ్ళిళ్ళలో ఇలాగే చదివిస్తామని, ఎవరెంత ఇచ్చారో మైకులో చదివి పుస్తకంలో రాస్తామని, మళ్ళీ వాళ్ళింట్లో శుభకార్యమైతే ఆ పుస్తకం తీసి చూస్తామని చెప్పాను. కాసేపు ఆలోచించి వాడూ 20.16 వేశాడు. నిజమే కదా, పేరు, అంకె, పక్కన ఒక దీవెన: విరాళాల పేజీ చదివింపుల పుస్తకం కాక మరేమిటి? అది తోచాక నామోషీ పోయింది. పెళ్ళిలో చదివింపులు రాసే బల్ల దగ్గర కూర్చున్నవాడికి సిగ్గెందుకు?

లండన్ పక్కనున్న స్లౌలో హైస్ట్రీట్ దగ్గర కూరగాయల కొట్టు పెద్దాయన, పంజాబీ, కరివేపాకు కొనేటప్పుడు బ్లిస్ పేరు వినగానే చేతిలో యాభై పౌండ్ల నోటు పెట్టాడు. ఫౌజా సింగ్ గారు 2000లో, 89వ ఏట, లండన్ మారథాన్ పరుగెత్తింది ఈ సంస్థ కోసమేనట. ఇంటికి వచ్చి చూస్తే అక్షరాలా నిజం. "ఆయన ఆ వయసులో పూర్తిచేశాడు, నీకేం, కుర్రాడివి" అన్నాడు పెద్దాయన. నాకు నలభై మూడు.

ఉగాది రోజు సంగతి విడిగా చెప్పాలి. మార్చి 30, ఆదివారం. వదినలూ అక్కలూ కలిసి స్కూలు హాల్లో పులిహోర, బొబ్బట్లు అమ్మిపెడతామన్నారు. పదిన్నరకల్లా రమ్మని అందరికీ చెప్పాం. ఆ తెల్లవారుజామునే ఇక్కడ గడియారాలు గంట ముందుకి జరిగాయి. పదిన్నరకి హాల్లో ఉన్నది నేనూ, మా ఆవిడా, డెబ్బై డబ్బాల పులిహోర. పులిహోర చల్లారినా బాగుంటుంది కాబట్టి సరిపోయింది. పన్నెండున్నరకి ఒక్క డబ్బా మిగల్లేదు. ఐదు పౌండ్ల డబ్బాకి పది ఇచ్చి చిల్లర వద్దన్నవాళ్ళు ఎందరో. మొత్తం 431 పౌండ్లు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చింతపండు రసం తీసిన చేతులకి నేను ఏ పేజీలో రాయను?

ఫిబ్రవరిలో మోకాలు పట్టేసినప్పుడు కింది ఫ్లాటులో ఉండే ఫిజియో చెల్లెమ్మ ఏడు వారాలు చూసింది, డబ్బులు తీసుకోలేదు. "అన్నయ్యా, కొత్త బూట్లు కొనడం ఆపి పిక్కలు సాగదియ్యండి" అంది. ఆ మాటే కాపాడింది. సాధనంతా విండ్సర్ పక్క థేమ్స్ ఒడ్డున. మారథాన్ 42.195 కిలోమీటర్లు కావడానికి కారణం ఆ విండ్సర్ కోటే: 1908 ఒలింపిక్స్‌లో పరుగు అక్కడ మొదలుపెట్టి స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటి ముందు ముగించారు, ఆ దూరమే తరవాత ఖాయమైంది. చివరి మైళ్ళలో ఆ రాజుల్ని ఏమనుకున్నానో ఇక్కడ రాయను.

పరుగు రోజు ఎండ ఇరవై డిగ్రీలు దాటింది. తెనాలివాళ్ళు నవ్వుకుంటారని తెలుసు. చలికాలమంతా నాలుగైదు డిగ్రీల్లో పరిగెత్తిన ఒంటికి అదే రోహిణికార్తె. సబాస్టియన్ సావె 2 గంటల 2 నిమిషాల 27 సెకన్లలో గెలిచేసరికి నేను మూడో మైలు దగ్గరున్నాను. బనీనుమీద రాసిన నా పేరుని జనం ఏడెనిమిది రకాలుగా పలికారు, అన్నిటికీ పలికాను. కట్టీ సార్క్ ఓడ, టవర్ బ్రిడ్జి బాగానే దాటాను. ఆ వంతెన తరవాత వచ్చే రోడ్డుమీద ఒక పక్క పదమూడో మైలువాళ్ళు, రెండో పక్క ఇరవై రెండో మైలువాళ్ళు ఎదురుపడతారు. అక్కడే మావాళ్ళు నిలబడ్డారు. వెళ్ళేటప్పుడు ఒకరికొకరం కనపడలేదు. తిరిగొచ్చేటప్పటికి ఎడమ పిక్క రాయిలా బిగుసుకుంది, గోడ పట్టుకుని ఉన్నాను. ఎవరో పెద్దావిడ, తలమీద ముసుగు, గిన్నెలో కమలా తొనలు పట్టుకుని వచ్చి రెండు నా నోట్లోనే పెట్టింది. ఆ పక్కనే అట్టముక్క కనిపించింది: "నాన పరిగెతు". ఒత్తుల గొడవే లేదు. ఆరేళ్ళ పిల్ల, తెలుగు బడికి ఆదివారాలే వెళ్తుంది.

చివరి నాలుగు మైళ్ళలో పరుగు తక్కువ, నడక ఎక్కువ. 5 గంటల 52 నిమిషాలు.

జిప్పు జేబులో ఆ పసుపు టోపీ పెట్టుకుని పరిగెత్తాను. చెమటకి తడిసిపోయింది. ఇంటికొచ్చాక ఉతికి ఆరేస్తే, అమ్మాయి తీసుకెళ్ళి తన బొమ్మకి తొడగబోయింది. పట్టలేదు. "ఇది ఎవరిది?" అని అడిగింది. నీదే అంటే నమ్మలేదు, వాళ్ళమ్మని అడగడానికి వెళ్ళింది.

మా ఆవిడ ఒక పొడుగు పుస్తకం కొని, పేజీలోని పేర్లన్నీ వరసగా దించింది. పులిహోర కొన్నవాళ్ళతో సహా 143 పేర్లు. మీ ఇంట్లో ఎవరు ఏ మంచిపనికి పరిగెత్తినా, నడిచినా, జుట్టు తీయించుకున్నా లింకు పంపండి, పుస్తకం తీసి చూస్తాం. ఒక్క చిక్కుంది. ఆ మొట్టమొదటి 116 పౌండ్ల దగ్గర పేరు లేదు, "పిల్ల మేనమామ" అని మాత్రం రాసుంది. మా ఆవిడకి అన్నదమ్ములు లేరు. పుస్తకంలో మొదటి గీత ఖాళీగా ఉంచాం, ఎవరో ఒకసారి ఫోన్ చేసి చెప్పండి బావగారూ.