గ్రహణం విడిచాక వచ్చే గ్రాంటు: కేంద్ర విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

నమస్కారాలు. విజ్ఞానానికీ మతానికీ మధ్య జనం ముందు జరిగే వాదోపవాదాల మీద జేఆర్‌ఎఫ్‌తో (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) పీహెచ్‌డీ చేస్తున్నవారి తరఫున రాస్తున్న లేఖ ఇది. విజ్ఞాపనలు ఇదివరకే పంపాం. ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’ అని జవాబులూ వచ్చాయి. ఆ విభాగం ఏదో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఇక నలుగురిలో అడుగుతున్నాం.

నెలనెలా ఇచ్చే ఫెలోషిప్ గురించి కాదు మా గోడు. అది 2023 జనవరి నుంచి 31,000 కాస్తా 37,000 అయింది, రెండేళ్ల తర్వాత వచ్చే ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000 అయింది. సంతోషం. అది తిండికీ అద్దెకూ. పరిశోధనకు ఇచ్చేది కంటింజెన్సీ. హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ వారికి మొదటి రెండేళ్లూ ఏడాదికి 10,000, మిగతా మూడేళ్లూ 20,500. ఫెలోషిప్ పెంచిన చేతులు దీని జోలికి రాలేదు. రోజుకు లెక్కేస్తే ఇరవై ఏడు రూపాయల చిల్లర. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుడి విధి అని రాజ్యాంగంలో 51ఎ(హెచ్) రాసుకున్నాం. ఆ విధి దేశంలో ఎలా నడుస్తోందో చూసి రమ్మని పంపేవాడికి ఇచ్చే దారిఖర్చు ఇదన్నమాట!

మొత్తం తక్కువన్నది ఒక బాధ. అంతకన్నా పెద్ద బాధ, అది వచ్చే వరస. మొదటి ఏడు కోర్స్‌వర్కులో, అంటే తరగతులూ పరీక్షల్లో పోతుంది. రెండో ఏడు సామగ్రి సేకరణ. డబ్బు రెట్టింపయ్యేది మూడో ఏడు. పెళ్లయ్యాక పందిరికి డబ్బులిచ్చినట్టు ఉంది. గ్రంథాలయంలో కూర్చుని చేసే పనికైతే ఇది సరిపోతుందేమో. మా సామగ్రి మాత్రం మా కోసం ఆగదు.

గ్రహణం రోజు సంగతే తీసుకోండి. పొద్దుటినుంచీ ఛానెళ్లలో ఒక జ్యోతిష్కుడు, ఒక హేతువాది, ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు, ఒక అర్చకుడు కూర్చుంటారు. సాయంత్రానికి ఆ వీడియో నెట్‌లో ఉంటుంది. తర్వాత ఎవరో ఫిర్యాదు చేస్తారు, వీడియో ప్రైవేటులోకి పోతుంది. లేదా నచ్చని ముక్క కత్తిరిస్తారు, దాంతోపాటు కింద నడిచిన లైవ్ చాట్ కూడా పోతుంది. మాకు ఆ చాట్ చర్చంత ముఖ్యం. అందుకే అదే రోజు దించుకోవాలి. ఫుల్ హెచ్‌డీలో గంటకు ఒకటి రెండు జీబీ. రెండు వేరువేరు డిస్కుల్లో రెండు ప్రతులు, ప్రతి ఫైలుకూ ఛానెల్ పేరు, ప్రసార సమయం, దించిన తేదీ. ఒకే డిస్కులో ఉంచి అది పోతే రేపు వైవాలో చూపడానికి ఏమీ ఉండదు. ఆ రెండు డిస్కులతోనే ఏడాది కంటింజెన్సీ చాలావరకు ఖాళీ.

తర్వాత దాన్ని రాతలోకి ఎక్కించాలి. ఒక్కరే మాట్లాడిన గంట ఉపన్యాసానికి చేయి తిరిగినవాళ్లకు నాలుగైదు గంటలు పడుతుంది. నలుగురు ఒకరి మీద ఒకరు అరుచుకునే చర్చకు పది గంటలు దాటుతుంది. కంప్యూటరుకు అప్పగించమంటారు. అది ఇద్దరు కలిసి మాట్లాడినచోట ఒకరిని మింగేస్తుంది, మధ్యలో శ్లోకం వస్తే అర్థంలేని తెలుగు చేస్తుంది, యాస మారితే చేతులెత్తేస్తుంది. ఎవరు ఎవరి మాటకు ఎక్కడ అడ్డుపడ్డారు, యాంకర్ మైకు ఎవరి వైపు తిప్పాడు అన్నదే మా పరిశోధన అయినప్పుడు ఆ మింగేసిన ముక్కే మాకు కావాలి. మనిషి కూర్చోవాలి, ఆ మనిషికి కూలి ఇవ్వాలి.

పాత సంగతులకు వేరే తిప్పలు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం, హైదరాబాద్ దగ్గరి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దుర్భిణులు ఎక్కుపెట్టిన రోజు. 1995 సెప్టెంబర్ 21, వినాయకుడు పాలు తాగాడని దేశమంతా చెంచాలు పట్టుకున్న రోజు. 2001లో జ్యోతిషం కోర్సులకు యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) తలుపు తెరవడం, దానిమీద శాస్త్రవేత్త పుష్పమిత్ర భార్గవ కోర్టుకెక్కడం, 2004లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేయడం. (చివరిదాంట్లో మీ శాఖ కింది సంస్థే ఒక పక్షం. మా జీతం ఇచ్చేదీ అదే. కాబట్టి ఈ అంశానికి ప్రాధాన్యం లేదని మాత్రం అనకండి.) వీటి అసలు వేడి జిల్లా ఎడిషన్లలో, కరపత్రాల్లో ఉంది. గ్రంథాలయాల్లో దాచింది చాలాచోట్ల ప్రధాన సంచికే. జిల్లా పేజీలు ఎవరి ఇంట్లోనో అటకమీద దొరుకుతాయి. పాత న్యూస్‌ప్రింట్ మడత దగ్గర విరుగుతుంది, మామూలు స్కానర్‌మీద బోర్లిస్తే పొడి అవుతుంది. పైనుంచి కెమెరాతో తీయాలి. అంటే స్టాండు, లైట్లు, అక్కడే రెండు మూడు రోజుల మకాం.

ఇక బిల్లులు. అటకమీది కాగితాలకు జీఎస్టీ బిల్లు ఎవరిస్తారండీ? ఫుట్‌పాత్ మీద కొన్న 1970ల కరపత్రానికి? రాత్రిళ్లు కూర్చుని చర్చ రాసిపెట్టిన డిగ్రీ విద్యార్థికి ఫోన్‌పే చేస్తే, ఆ స్క్రీన్‌షాట్ ఆడిట్‌లో చెల్లదంటారు. చెల్లే బిల్లు ఇవ్వగలిగేది జిరాక్సు షాపు ఒక్కటే. దాంతో మా పరిశోధన అంతా జిరాక్సుల మీదే నడిచినట్టు కాగితాల్లో కనిపిస్తుంది. అది చూసి ‘మీకు ఇంతకన్నా ఖర్చేముంది’ అని అడుగుతారు.

కంటింజెన్సీ పెంచండి. పెంచలేకపోతే వరసైనా మార్చండి. ఐదేళ్లకూ కలిపి మీరిచ్చేది 81,500. దాన్ని పరిశోధకుడు ఏ ఏడాదికి అవసరమైతే ఆ ఏడాది వాడుకోనివ్వండి. ఖజానాకు ఒక్క రూపాయి అదనం కాదు. రాసిపెట్టినవారికిచ్చే కూలిని ఖర్చుగా ఒప్పుకోండి, బిల్లు లేనిచోట గైడు సంతకంతో రశీదు చాలనండి. పెంచితే ఇంకా మంచిది, అది మళ్లీ అడుగుతున్నాం. ఇప్పుడు మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు కోర్స్‌వర్కు ముగించి బయల్దేరేలోగా ఉత్తర్వు వస్తే వాళ్లకైనా పనికొస్తుంది. దయచేసి ఈసారి తమరే చదవండి.

ఇట్లు,
జేఆర్‌ఎఫ్ పరిశోధకులు