నెట్‌వర్క్ ఫోల్డర్ పొద్దున్నే ఖాళీగా ఎందుకుంటోంది?

ఎడిటర్ గారికి,

మీ టెక్నాలజీ పేజీ నిండా ఫోన్ల కబుర్లేనా? ఛత్తాబజార్ పెళ్లికార్డుల షాపులాంటి చోట డిజైన్లన్నీ నాస్ పెట్టెలో (నెట్‌వర్క్‌లో అందరూ వాడుకునే స్టోరేజీ డబ్బా) ఉంటే, లైనక్స్ కంప్యూటర్ ఆన్ చేయగానే ఆ ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తుంది, ఎదురుగా కస్టమర్, ఒకటే టెన్షన్. నెట్‌వర్క్ అందేలోపే షేర్‌ను, అంటే నాస్‌లోని ఆ ఫోల్డర్‌ను, మౌంట్ చేయబోవడం (కంప్యూటర్‌కు కలపబోవడం) వల్ల వచ్చే తంటా ఇది, ఒక్కోసారి బూటింగే మధ్యలో ఆగిపోతుంది. ఏ డిస్కు, ఏ షేర్ ఎక్కడ కలవాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో ఆ షేర్ లైనుకు నోఫెయిల్, ఎక్స్-సిస్టమ్‌డి.ఆటోమౌంట్ అనే ఆప్షన్లు చేరిస్తే బూటింగ్ దాని దారిన అది సాగిపోతుంది, ఫోల్డర్ తెరిచినప్పుడే షేర్ కలుస్తుంది.

షేర్ పాస్‌వర్డ్ మాత్రం ఆ ఎఫ్‌స్టాబ్‌లోనే రాసేయకండి బాబూ, ఆ కంప్యూటర్ వాడే ఎవరైనా చదివేయొచ్చు! రూట్ (సిస్టమ్ అడ్మిన్) పేరిట వేరే ఫైల్లో పెట్టి 600 పర్మిషన్ (ఆ ఓనర్ తప్ప ఇంకెవరూ చదవలేని సెట్టింగ్) ఇవ్వాలి. ఇలాంటివి వారానికొకటైనా వేయండి సార్.

- ఒక పాఠకుడు, హైదరాబాద్